క్యూసెక్కులో 68వ వంతు

పంపు అనే వస్తువు కొనాల్సి వస్తే నాకేదో పూనుతుంది. మా అపార్ట్‌మెంటు బోరుకు ఒకటిన్నర హార్స్‌పవర్ మోటారు చాలని మెకానిక్ చెబితే, అసోసియేషన్ మీటింగులో లేచి మూడు కావాలని వాదించినవాణ్ణి. కూలర్ కొంటే ఎదుటి గోడ మీద క్యాలెండరు నెల మారాలి. మిక్సీ కొంటే మా ఇంట్లో కొబ్బరి పచ్చడని పై అంతస్తువాళ్ళకి తెలియాలి. ఇలాంటివాడు చేపల షాపుకెళ్ళి, రెండడుగుల అక్వేరియం కొని, పంపులున్న అర ముందు నిలబడితే ఏమవుతుందో మా ఆవిడకు తెలుసు. అందుకే ముందుగానే "చిన్నది తీసుకోండి" అంది. అనకుండా ఉండాల్సింది. ఆ మాట విన్నాక నా చెయ్యి పెద్దదాని మీదికే పోతుంది మరి.

డబ్బా మీద "గంటకు 1500 లీటర్లు" అని రాసుంది. చదవగానే కడుపు నిండింది. ఇంతకీ తొట్టెలో ఎన్ని లీటర్లు పడతాయి అన్న ప్రశ్న ఆ సంతోషంలో తట్టలేదు. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, పదిహేను అంగుళాల ఎత్తు. అంచు దాకా పోస్తే 70 లీటర్లు. అడుగున గులకరాళ్ళు, పైన వదిలే ఖాళీ పోగా చేపలకు మిగిలేది 60. మంచినీటి చేపల తొట్టెలో నీళ్ళన్నీ గంటకు నాలుగు నుంచి ఆరుసార్లు ఫిల్టరు చుట్టి వస్తే చాలని అనుభవజ్ఞుల లెక్క. నా పంపు డబ్బా మీది మాట నిలబెట్టుకుంటే పాతికసార్లు చుట్టి రావాలి. చేపల్ని పెంచుదామని బయల్దేరి, వాటికి వాషింగ్ మెషీన్ కొనిపెట్టాను.

ఇక అందులోకి ఎవరెవర్ని దించానో చెబుతాను. ఇంట్లో తలా ఒక కోరిక. మా అమ్మాయికి నీలం రంగు ఫైటర్ కావాలి. మా ఆవిడ పిన్నిగారు ఫోనులో వాస్తు చెప్పారు. ఎనిమిది బంగారు చేపలు, ఒక నల్ల చేప, తొట్టె ఉత్తరాన. నేను బేరమాడి ఒక ఎర్రది, ఒక నల్లది దగ్గర ఒప్పించాను. వాస్తులో కూడా డిస్కౌంటు సాధించిన మొదటివాణ్ణి నేనే అయ్యుంటాను. నా ముచ్చట కోసం నాలుగు మిస్ కేరళ చేపలు. వెండి ఒళ్ళు, దాని మీద ఎర్రటి చార, కింద నల్లటి చార. చూస్తే ఎవరైనా కొంటారు. చివర్న షాపబ్బాయి "గాజు తుడుస్తది సార్" అంటూ ఒక సక్కర్‌ని కవర్లో వేసిచ్చాడు. ఇవన్నీ కలిసుంటాయా అని అడిగాను. "మంచిగ ఉంటయి సార్" అన్నాడు. అతని షాపులో మాత్రం ఏ జాతి ట్యాంకు ఆ జాతికి విడిగా ఉంది. అది కళ్ళెదుటే ఉన్నా నాకు ఆనలేదు.

ఇంటికొచ్చి స్విచ్చి వేశాను. మిస్ కేరళలు నాలుగూ ఒక్క క్షణం తడబడి, పంపు మూతికెదురుగా వరస కట్టి ఈదడం మొదలెట్టాయి. సక్కర్ వెళ్ళి పంపుకే కరుచుకుంది. బంగారు చేపలు రెండూ మూలమీద మూల తిరుగుతున్నాయి. ఫైటర్ కనిపించలేదు. వెతగ్గా, పంపు నీళ్ళు పీల్చుకునే జల్లెడ దగ్గర తోక ఇరుక్కుని, ఇటు తిరగలేక అటు తిరగలేక ఉంది.

"నాన్నా, అది డాన్స్ చేస్తోందా?" అంది మా అమ్మాయి. అవునన్నాను. అబద్ధమే. స్విచ్చి మాత్రం తీసేశాను.

ఫైటర్ సంగతి ఆ రాత్రి చదువుకున్నాను, పరీక్ష అయిపోయాక పుస్తకం తెరిచినట్టు. అది థాయిలాండ్ వైపు వరిచేలల్లో, నిలవ మడుగుల్లో పుట్టిన జాతి. 2019లో ఆ దేశం దాన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. నీళ్ళు కదలని చోట ప్రాణవాయువు తక్కువ కాబట్టి, మొప్పలతోపాటు తల లోపల మడతలు పడిన ఒక అవయవం కూడా దానికి ఉంటుంది. పైకొచ్చి నోటితో గాలి గుటకేసి వెళుతుంది. మన కొరమీనుకూ ఇలాంటి ఏర్పాటు ఉంది. అందుకే చేపల బజార్లో బేసిన్ అడుగున నాలుగు చెంబుల నీళ్ళున్నా అది సాయంత్రం దాకా బతికి ఎగురుతూనే ఉంటుంది. అడవి ఫైటర్‌కి రెక్కలు పొట్టివే. అందం కోసం తరాల తరబడి పెంచి పెంచి మనుషులే వాటిని అంత పొడుగు చేశారు. దాని చేత అలాంటి బట్ట కట్టించి, పైకెళ్ళి గాలి పీల్చాలంటే వరద దాటాల్సిన పరిస్థితి నేను కల్పించాను.

మరి మిస్ కేరళలు ఎందుకంత హుషారుగా ఉన్నాయి? వాటిది పశ్చిమ కనుమల్లో రాళ్ళ మీంచి దూకే ఏరు. 1865లో ఫ్రాన్సిస్ డే ఈ చేపని లోకానికి పరిచయం చేస్తూ, అప్పటి మద్రాసు గవర్నరు డెనిసన్ పేరు పెట్టాడు. ఆ రోజుల్లో మన కోస్తా జిల్లాలు కూడా ఆ దొర ఏలుబడిలోవే కాబట్టి, నా తొట్టెలో ఒక పాత పరిచయం ఉందని చెప్పుకుని కాసేపు మురిశాను. మా ఆవిడ మురవలేదు. ఇప్పుడది అంతరించే ముప్పున్న జాతుల పట్టికలో ఉంది. ఏళ్ళ తరబడి ఏళ్ళలోంచి పట్టి అమ్ముకున్న ఫలితం అందులో కొంత ఉంది. నేను కొన్నవి ఫారంలో పెంచినవని షాపులో చెప్పారు. నమ్మాను. నమ్మకపోతే రాత్రి నిద్ర పట్టదు.

చేప ఒంటికి అటూ ఇటూ, తల దగ్గర్నుంచి తోక దాకా సన్నటి గీత ఒకటి ఉంటుంది. నీటి కదలికని అది దానితోనే పసిగడుతుంది. పారే నీళ్ళలో పుట్టిన చేప ప్రవాహానికి ఎదురు తిరిగి నిలబడుతుంది, తిండి ఆ వైపు నుంచే కొట్టుకొస్తుంది కనక. మా గోదారి పులస వరద నీటికి ఎదురెక్కి ధవళేశ్వరం దాకా వస్తుందని చిన్నప్పట్నుంచీ వింటున్నాను. పుస్తెలమ్మి పులస తినడం గురించి కూడా వింటున్నాను. అయినా తొట్టెలో ప్రతి చేపకీ ఒక సొంత ఏరు కావాలన్న ఆలోచన మాత్రం, తోక ఇరుక్కుంటే గానీ రాలేదు.

మర్నాటి నుంచి ప్రవాహాన్ని అదుపు చేసే పనిలో పడ్డాను. ముందు పంపు పీల్చుకునే వైపు పాత బనియను గుడ్డ కుక్కాను. పంపు మూలగడం మొదలెట్టింది, ఒళ్ళు కాలింది. తర్వాత తెలిసింది, పీల్చేవైపు గొంతు నొక్కితే పంపుకి ప్రమాదం, తగ్గించాలంటే వదిలేవైపే తగ్గించాలి. పీల్చేవైపు కట్టాల్సింది పెద్ద కన్నాల స్పాంజి, అది కూడా తోకలు ఇరుక్కోకుండా మాత్రమే. ఈ లోపల పంపు నుంచి వచ్చిన వాసనకి మా ఆవిడ వంటింట్లో కుక్కరు చూసుకుంది. కుక్కరు తప్పేం లేదని తెలిశాక నా వైపు చూసింది.

సరిగ్గా ఆ సమయానికి కోనసీమ నుంచి మావయ్యగారు దిగారు. ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. కాలవ గట్ల మీద సైకిలు తొక్కి తొక్కి అరిగిన మనిషి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారిన గోదారిని గట్టు మీద నిలబడి చూశారు. అలాంటాయన చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని, మా హాల్లో కుర్చీ వేసుక్కూర్చుని తొట్టె వంక చాలాసేపు చూశారు.

"అల్లుడుగారూ, డిశ్చార్జి ఎంతండీ?"

గర్వంగా చెప్పాను. ఆయన పాత డైరీలో వెనకపేజీ తీసి లెక్క కట్టారు. క్యూసెక్కంటే సెకనుకు ఘనపుటడుగు, అంటే 28.3 లీటర్లు. గంటకు దాదాపు లక్షా రెండు వేలు. "అయితే మీది క్యూసెక్కులో 68వ వంతండి" అన్నారు. మర్యాదగానే అన్నారు. కానీ మా ఆవిడ నవ్వింది.

అక్కడితో ఆగలేదు. డబ్బా మీద రాసింది నమ్మే అలవాటు ఆయనకి లేదు. కాంట్రాక్టర్లతో గడిపిన జీవితం. పంపు గొట్టం తొట్టె అంచు మీంచి కిందికి వదిలి, ఇరవై లీటర్ల బక్కెట్టు పెట్టించి, చేతి గడియారం చూస్తూ కూర్చున్నారు. బక్కెట్టు నిండటానికి 72 సెకన్లు పట్టింది. అంటే గంటకు వెయ్యి లీటర్లు. మరి డబ్బా మీద 1500 ఎందుకు రాశారు? నీళ్ళు పైకెత్తక్కర్లేకుండా, స్పాంజి అడ్డు లేకుండా, పంపు ఖాళీగా తిరిగితే వచ్చే అంకె అది. ఎత్తు పెరిగేకొద్దీ తగ్గుతుంది. స్పాంజికి మురికి పట్టేకొద్దీ ఇంకా తగ్గుతుంది. డబ్బా పక్కన చిన్నక్షరాల్లో ఎంత ఎత్తు దాకా ఎక్కించగలదో కూడా రాసే ఉంటుంది, ఆ ఎత్తులో చుక్క కూడా రాదన్నమాట. "102వ వంతండి" అని డైరీలో దిద్దుకున్నారాయన. నేను బక్కెట్టు ఖాళీ చేసే నెపంతో బాత్రూములోకి వెళ్ళాను.

వెయ్యయినా 60 లీటర్ల తొట్టెకి అది పోటెత్తడమే. ఇక నా సొంత ఇంజనీరింగు. షాపుల్లో స్ప్రే బార్ అని అమ్ముతారు, వరసగా కన్నాలున్న గొట్టం. ఒకేచోట దూకే నీటిని పొడుగునా పంచుతుంది. అది కొనడం నామోషీ అనిపించి, మిగిలిపోయిన కరెంటు పైపు ముక్క తీసుకుని, దబ్బనం కాల్చి కన్నాలు పొడిచాను. నా సిద్ధాంతం ఏమిటంటే, కన్నం ఎంత సన్నగా ఉంటే నీరు అంత సుతారంగా వస్తుంది. మావయ్యగారు పేపరు చదువుకుంటూ ఒకసారి తలెత్తి, "కన్నాలు చాలవేమోనండీ" అన్నారు. నేను వినిపించుకోలేదు. గవర్నమెంటు ఉద్యోగి, ఆయనకి అక్వేరియం గురించి ఏం తెలుసు?

స్విచ్చి వేశాను. పన్నెండు సన్నటి ధారలు తొట్టె అంచు దాటి, హాలు దాటి, సరిగ్గా సంపాదకీయం మీద పడ్డాయి.

ఆయన పేపరు మడిచారు. కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకున్నారు. "తూము సగం మూస్తే నీరు మెత్తబడదండీ, ఉరుకుతుంది. వచ్చే నీరు వస్తూనే ఉంది కదా, దారి ఇరుకైతే పరిగెత్తక ఏం చేస్తది?" అన్నారు. తర్వాత డైరీ. పైపు లోపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు. నాలుగు మిల్లీమీటర్ల కన్నాలు పదహారు వేస్తే, వాటన్నిటి నోరూ కలిపి పైపు నోటితో సమానం. వేగం సగానికి తగ్గాలంటే 32 కావాలి. కన్నాలు చేపల వైపు కాకుండా వెనక గాజు వైపు తిప్పితే, నీరు గాజుకి కొట్టుకుని ఉసూరుమంటూ కిందికి జారుతుంది. బ్యారేజీ కింద నీటి దూకుడు చంపడానికి సిమెంటు దిమ్మలు ఎందుకు కడతారో ఆ సాయంత్రం వివరంగా విన్నాను. ఆయన మాట ప్రకారమే గొట్టం కింద నాలుగు పెద్ద రాళ్ళు, ఒక చెక్క మొద్దు పేర్చాం. వాటి వెనకాల నీళ్ళు నిజంగానే నిలకడగా ఉన్నాయి. నా సిద్ధాంతం గురించి తర్వాత ఎవరూ ఎత్తలేదు, మా అమ్మాయి తప్ప. అది స్కూల్లో చెప్పింది.

నీళ్ళు మెత్తబడ్డాయి కదా అని ఊపిరి పీల్చుకునేలోపు మిస్ కేరళలు డీలా పడ్డాయి. బంగారు చేపలు ఇంకో రకం చిక్కు తెచ్చాయి. ఈ మొత్తం వ్యవహారంలో అసలు పీటముడి ఇదే. గుండ్రటి పొట్ట, జంట తోక ఉన్న రకాలు, ముఖ్యంగా ఆ గుడ్లు పొడుచుకొచ్చిన నల్లది, గట్టిగా ఈదలేవు. వాటికి నెమ్మదైన నీరు కావాలి. కానీ బంగారు చేపకి జీర్ణాశయం అంటూ లేదు. తిన్నది తిన్నట్టు పేగులోకి, పేగులోంచి తొట్టెలోకి. పొద్దస్తమానం తింటుంది, పొద్దస్తమానం విసర్జిస్తుంది. ఆ మురికిలోంచి అమ్మోనియా. దాన్ని స్పాంజిలో స్థిరపడ్డ బ్యాక్టీరియా ముందు నైట్రైట్‌గా, తర్వాత నైట్రేట్‌గా మార్చాలి. అవి స్థిరపడటానికే నెల, నెలన్నర. స్పాంజిని శుభ్రంగా కుళాయి కింద ఉతికితే క్లోరినుకి అవి చచ్చి, కథ మళ్ళీ మొదటికొస్తుంది. (ఉతికింది ఎవరో చెప్పను. సబ్బు మాత్రం వాడలేదు.) అంటే బంగారు చేపకి ఫిల్టరు బలంగా ఉండాలి, నీటి పోటు తగలకూడదు. దీనికి మందు పెద్ద పంపు కాదు, పెద్ద స్పాంజి. ఎక్కువ స్పాంజిలోంచి నెమ్మదిగా పారే నీరు. ఇది తెలిశాక నేను కొన్న వస్తువుకి అసలు అవసరమే లేదని తేలింది. అలా తేలడం నాకు సుతరామూ నచ్చలేదు.

కాబట్టి పంపుకి సరిపడే తొట్టె కొన్నాను.

మీరు సరిగ్గానే చదివారు. నాలుగడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. నిండా 255 లీటర్లు, రాళ్ళూ ఖాళీ పోను 220. గంటకు వెయ్యి లీటర్లు అంటే నాలుగున్నర చుట్లు. సరిగ్గా పుస్తకంలో చెప్పినట్టు! పంపు కొన్న నాడే నాకీ దూరదృష్టి ఉందని మా ఆవిడతో అన్నాను. "రేపు పెద్ద తాళం కప్ప కొనండి, దానికి సరిపడే ఇల్లు కూడా కొందాం" అంది. పైగా నీళ్ళే రెండొందల కిలోల పైచిలుకు, గాజు, రాళ్ళు, ఇనప స్టాండు కలిపితే మూడొందలు దాటుతుంది. పిన్నిగారు ఉత్తరం అన్నారు, మా ఉత్తరం గోడకి సోఫా ఉంది. సోఫా బాల్కనీలోకి వెళ్ళింది. అతిథులు ఇప్పుడు బట్టల తీగ కింద కూర్చుంటారు.

పెద్ద తొట్టెలో మాత్రం మావయ్యగారు చెలరేగిపోయారు. ఒక చివర పంపు మూతి, అది ఎగువ. అటు చివర దిగువ. మధ్యలో రాళ్ళు, మొద్దు. థర్మాకోల్ బెండు చిన్న ముక్క తుంచి ఎగువన వేసి, స్కేలు గాజుకి ఆనించి, అడుగు దూరం ఎన్ని సెకన్లలో పోతుందో చూసేవారు. పైన తేలే బెండు వేగం కన్నా లోపలి నీటి సగటు వేగం తక్కువుంటుందని, కాలవల్లో పైవేగాన్ని 0.85తో గుణిస్తారని మా అమ్మాయికి చెప్పారు. ఆ బెండు ముక్కని నల్లది మింగబోయింది. ఆ తర్వాత కొలతలకి మరమరాలు వాడారు. అవి చేపలకి కొన్ని, కొలిచేవాళ్ళకి కొన్ని.

"శివారుకి నీరందట్లేదండీ" అన్నారొక రోజు. డెల్టాలో ఉద్యోగం చేసినవాడికి ఇంతకన్నా పెద్ద నేరం లేదు. చూస్తే నిజమే. దిగువ మూల, మొద్దు వెనకాల, నీరు బొత్తిగా కదలక రెట్టంతా అక్కడే పోగుపడుతోంది. రాళ్ళు నల్లబడుతున్నాయి. చేపల తొట్టెలో నెమ్మదైన చోటు వేరు, చచ్చిన చోటు వేరు. ఆకు కొస మెల్లగా ఊగుతూ ఉంటే అది నెమ్మది. మురికి కదలకుండా కూర్చుంటే రెండోది. మొద్దుని నాలుగు వేళ్ళు పక్కకి జరిపితే సరిపోయింది. పోటు తగ్గించడానికి నేను నాటిన వాలిస్నేరియా గడ్డిని మాత్రం బంగారు చేపలు వేళ్ళతో సహా పీకి తినేశాయి. జావా ఫెర్న్ అనే మొక్క వాటికి రుచించదట, దాన్ని మొద్దుకి దారంతో కట్టాను. ఇప్పటికి బతికుంది.

అలా ఎగువన మిస్ కేరళలు, నడి మధ్య సక్కర్, దిగువన బంగారు చేపలు స్థిరపడ్డాయి. సక్కర్ గురించి ఒక్క మాట. షాపులో వేలెడంత ఉన్నది అడుగు దాటి పెరుగుతుంది. విసుగొచ్చి చెరువులో వదిలేవాళ్ళున్నారు. కృష్ణా డెల్టా చెరువుల్లో రైతులు దెయ్యం చేపని తిట్టుకునేది ఈ బాపతునే. నాది మా ఇంట్లోనే ముసలిదవుతుంది, నాతోపాటు.

ఫైటర్ ఒక్కటే ఎక్కడా ఇమడలేదు. దిగువన నీరు నెమ్మదిగానే ఉన్నా, దాని కుచ్చుల రెక్కల్ని మిస్ కేరళలు పోతూ పోతూ కొరికేవి. పైగా ఫైటర్‌కి వెచ్చటి నీరు ఇష్టం, బంగారు చేపకి చల్లటిది. ఒకే తొట్టెలో ప్రవాహాన్ని భాగాలు చెయ్యొచ్చు గానీ శత్రుత్వాల్ని చెయ్యలేం. చివరికి అది ఇరవై లీటర్ల చిన్న తొట్టెతో మా అమ్మాయి చదువుకునే బల్ల మీదికి మారింది. దానికి మోటారు లేదు, గాలిపంపుతో నడిచే స్పాంజి ఫిల్టరు చాలు. గొట్టానికి చిన్న మర బిగించి బుడగలు ఎంత కావాలంటే అంత తగ్గించుకోవచ్చు. ఆ గాలిపంపుని నేను బల్ల కింద, నీటి మట్టానికి దిగువన పెట్టాను, చప్పుడు వినపడకూడదని. రాత్రి కరెంటు పోయింది. గాలి ఆగేసరికి నీళ్ళు గొట్టంలోంచి వెనక్కి తిరిగి, పంపులోకి, పంపులోంచి స్కూలు బ్యాగులోకి. పొద్దున్నే "నాన్నా, నా సైన్సు రికార్డు!" అన్న కేక విని లేచాను. పంపు నీటి మట్టం కన్నా పైన ఉండాలి, లేదా గొట్టం మధ్యలో వెనక్కి పోనివ్వని వాల్వు బిగించాలి. బొటనవేలంత ఉంటుంది అది. దాన్నీ షాపబ్బాయి ఇవ్వబోతే, అనవసర ఖర్చని నేనే వద్దన్నాను. పదిహేనొందల లీటర్ల పంపు అనవసరం అనిపించనివాడికి!

ఎండాకాలం వచ్చింది. హైదరాబాదులో ఏప్రిల్ దాటితే తొట్టెలో నీళ్ళు 30 డిగ్రీలు దాటతాయి. 20 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరిగి ఉండగలిగితే, 30 దగ్గర ఏడున్నరే. కొండవాగు చేపలకి ఇది మొదట తెలుస్తుంది, మొప్పలు గబగబా ఆడిస్తాయి. బుడగలు నీళ్ళలో గాలి నింపుతాయని నేననుకునేవాణ్ణి. నిజానికి వాటికన్నా నీటి పైపొర కదలడమే ముఖ్యం. పైన అలలు లేస్తుంటే అక్కడే గాలి కలుస్తుంది. అందుకని కన్నాల గొట్టాన్ని ఎండాకాలానికి పైకి జరిపి, ధారలు పైపొరని ముడతలు పెట్టేలా తిప్పాను. అడ్డంగా ఒక టేబుల్ ఫ్యాను కూడా పెట్టాను. నీరు ఆవిరవుతూ రెండు డిగ్రీల దాకా చల్లబడుతుంది. ఆ ఫ్యాను నా మంచం పక్కది. మే నెలంతా చేపలకి ఫ్యాను, నాకు మావయ్యగారు కోనసీమ నుంచి తెచ్చిన తాటాకు విసనకర్ర.

ఆ పైన కరెంటు కోతలు. మా ఇన్వర్టరు మీద హాలు ఫ్యాను, వంటింటి లైటు, వైఫై మాత్రమే నడుస్తాయి. పంపు కూడా పెట్టాలన్నాను. పంపు ఆగితే చేపలకే కాదు, స్పాంజిలో బ్యాక్టీరియాకీ గాలి అందదని, గంటల తరబడి ఆగితే అవి చస్తాయని వాదించాను. మా అమ్మాయి వైఫై వదులుకోనంది. మావయ్యగారు సీరియల్ వదులుకోనన్నారు, టీవీ ఇన్వర్టరు మీద లేకపోయినా సరే. వ్యవహారం నదీ జలాల పంచాయితీ తీర్చిన బచావత్ ట్రిబ్యునల్ స్థాయికి వెళ్ళింది. న్యాయమూర్తి మా ఆవిడ. వంటింట్లోంచే అవార్డు ప్రకటించింది: బ్యాటరీతో నడిచే చిన్న గాలిపంపు ఒకటి కొనుక్కోవాలి, ఇన్వర్టరు జోలికి రాకూడదు. అప్పీలు లేదు. కొన్నాను. చిన్నదే కొన్నాను, ఆవిడ పక్కనే ఉంది కాబట్టి.

ఆ అవార్డులో మిగులు జలాల మీద ఒక షరతు కూడా ఉంది. వారానికోసారి తొట్టెలో పాతిక శాతం నీళ్ళు తీసి కొత్తవి పొయ్యాలి. అంటే యాభై లీటర్ల పైన. మొదట్లో ఆ నీళ్ళు నేను బాత్రూములో పారబోసేవాణ్ణి. ఒక రోజు మావయ్యగారు ఆ బక్కెట్టు బాల్కనీలో కరివేపాకు మొక్కకి పోశారు. ఆ నీళ్ళలో నైట్రేట్ ఉంటుంది, మొక్కకి అదే ఎరువు. చిగుళ్ళు తోసుకొచ్చాయి. తర్వాత మిరప, టమాటా, గుమ్మం దగ్గర గులాబీ. మా ఆవిడ ఇప్పుడు మిద్దె మీద కూడా కుండీలు పెట్టింది. తొట్టె గురించి ఏడాదిలో ఒక్క మంచి మాట అనని మనిషి, శనివారం సాయంత్రమే అడుగుతుంది.

"ఏమండీ, రేపు నీళ్ళు మారుస్తున్నారా?"

"ప్రతి ఆదివారం మారుస్తూనే ఉన్నాను కదా."

"పాతిక శాతం చాలట్లేదు. ముప్ఫై తియ్యండి. ఇంకో రెండు బంగారు చేపలు తెస్తే ఎరువు పెరుగుతుందా?"

ఊరెళ్ళిపోయిన మావయ్యగారికి ఫోను చేసి చెప్పాను. ఆయకట్టు పెంచితే ముందు డిశ్చార్జి చూసుకోవాలండీ అని, నాలుగు అంతస్తులు ఆ బక్కెట్లు ఎవరు మోస్తున్నారని అడిగారు. మిద్దె మీదికి ఎక్కించడానికి ఒక పంపు చూస్తున్నానని చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు. తర్వాత, "ఫోను అమ్మాయికివ్వండి" అన్నారు.